ఏం ఆరింది?

మా పనికి సరైన పేరంటూ లేదు. కంపెనీ కాగితాల్లో రిఫ్రాక్టరీ అని ఉంటుంది. మిల్లుల్లో మమ్మల్ని బట్టీ ఇటుకలోళ్ళు అంటారు. మా అమ్మయితే, మీ అబ్బాయి ఏం చేస్తాడని ఎవరడిగినా, "పొయ్యిలు అలుకుతడు" అనేసేది. నాకు తల కొట్టేసినట్టుండేది. "డిప్లొమా చదివినోణ్ణి పట్టుకొని గిట్ల చెప్తవేందమ్మా" అని అలిగితే, "మరింకేం చేస్తవురా? మసాలా కలుపుతవు, పొయ్యికి పూస్తవు. నేను దినాం చేసేదే గదా" అని నవ్వేది. ఇప్పుడు రిటైరై తీరుబడిగా కూర్చుని ఆలోచిస్తే, మా పని గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్ళు ఇంకెవరూ లేరనిపిస్తుంది.

బడిలో నేను చదివింది కన్నడం. బజారులో పనికొచ్చింది ఉర్దూ. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మే పలక మీద దిద్దించింది. అందుకని ఎక్కడైనా నా రాత తడబడితే సర్దుకొని చదవండి. నేను చెప్పబోయేది కూడా ఒక తెలుగు మాట చుట్టూ తిరిగే సంగతే. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మంటకు కూలినవి, నాసిరకం ఇటుకకు కూలినవి, తొందరకు కూలినవి ఎన్నో చూశాను. ఒక మాటకు కూలింది మాత్రం అదొక్కటే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ముందు నాలుగు ముక్కలు చెప్పాలి. బాయిలర్ అనగానే అందరికీ ఇనుమే కనబడుతుంది. కానీ ఇనుము పైకి కనిపించేంత మొండిది కాదు, మంట నేరుగా తగిలితే వంగిపోతుంది. మంటకూ ఇనుముకూ మధ్య నిలబడేది మన ఇటుక, మన పూత. అది బాగున్నన్నాళ్ళు మనం ఎవరికీ గుర్తుండం. ఊడిపడ్డ రోజు మాత్రం ఊరంతా మన ఫోన్ నంబరు వెతుకుతుంది. ఈ పనిలో మెప్పు కోసం చూడకండి, దొరకదు.

మాది రాయచూరులో చిన్న కంపెనీ. చుట్టుపక్కల రైసు మిల్లుల్లో, నూనె మిల్లుల్లో బాయిలర్లు చూసి, లోపలి పూత దెబ్బతింటే బాగు చేసేవాళ్ళం. ఎక్కడ ఏం పాడైందో చూసి చెప్పడం నా వంతు. చేతులు పెట్టి చేసేది మా మేస్త్రీ. వాళ్ళది కాలువ కింద క్యాంపులో, అంటే కోస్తా నుంచి వలస వచ్చిన రైతుల ఊళ్ళో, స్థిరపడ్డ కుటుంబం. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినా ఆయన మాట మాత్రం వాళ్ళ తాతగారి దగ్గరే ఆగిపోయింది. చిన్న సుత్తితో గోడను తట్టి, ఖంగుమంటే తల ఊపేవాడు. డొల్లగా మోగితే ఆ గోడను కట్టినవాణ్ణి ఒక్క మాట తిట్టి, ఆ తిట్టు తనకే తగులుతుందేమోనని నాలిక కరుచుకునేవాడు. ఎందుకంటే చాలాసార్లు ఆ గోడ కట్టింది ఆయనే.

ఆయనతో నాకు ఒకటే గొడవ. లోపల దుమ్ము ముక్కులోకి పోతుంది, మాస్కు కట్టుకోవయ్యా అని నేను. తువ్వాలుంది కదండీ అని ఆయన. ఇద్దరమూ రిటైరయ్యేదాకా ఈ గొడవ తేలలేదు. పిల్లలూ, తువ్వాలు మాస్కు కాదు. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక అసలు సంగతి. గబ్బూరు పోయే దారిలో ఒక ఉప్పుడు బియ్యం మిల్లు. బాయిలర్ ఊక మీద నడిచేది. మంట మండే చోట, దాని నెత్తిన వంపు తిరిగిన కప్పు ఉంటుంది. ఆర్చి అంటాం. అది పాతబడి బీటలు వేస్తే తీసేసి, మేస్త్రీ కొత్తది పోశాడు. సిమెంటు మాదిరి నీళ్ళతో కలిపి పోసేది, మంటకు ఓర్చుకునేది. దాని ఇంగ్లీషు పేరు పలకలేక మావాళ్ళు మసాలా అనే అంటారు. పోయడం ఒక ఎత్తు. ఆ తర్వాత దాని కడుపులో మిగిలిన నీళ్ళు మెల్లగా బయటికి పంపడం ఒక ఎత్తు. మొదట చిన్న కట్టెల మంట పెట్టి, కొంచెం కొంచెంగా పెంచుతూ రోజుల తరబడి ఆరబెట్టాలి. ఓపిక లేక పెద్ద మంట పెడితే, లోపలి నీళ్ళు ఆవిరై, బయటపడే దారి లేక, ఆర్చిని పెచ్చులు పెచ్చులుగా పేల్చేస్తాయి.

ఆ చిన్న మంట చూసుకునే పని ఆ మిల్లు ఫైర్‌మన్‌ది. దేవసూగూరు మనిషి. కూలీనాలీ చేసుకునే ఇంట్లో పుట్టి, మిల్లులో ఊక మోయడానికి చేరి, నడి వయసులో పరీక్ష రాసి బాయిలర్ నడిపే సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. వాళ్ళ ఇంట్లో పరీక్ష రాసిన మొదటి మనిషి. ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి, బాయిలర్ గదిలో సూగురేశ్వరుడి పటం పక్కన తగిలించాడు. పొద్దున రాగానే రెండింటికీ కలిపి ఒకటే దండం. ఏది దేవుడికో ఏది కాగితానికో చూసేవాళ్ళకు తెలిసేది కాదు.

అది వేసవి పంట కోతల కాలం. ఆర్చి పోసి, చిన్న మంట ఎలా పెంచాలో ఫైర్‌మన్‌కు అప్పజెప్పి, మేస్త్రీ తన వరి కోయించుకోవడానికి క్యాంపుకు వెళ్ళాడు. నేను వేరే మిల్లులో ఉన్నాను. పెద్ద మంట పెట్టే రోజు దగ్గర పడిందనగా, మధ్యాహ్నం మిల్లు సావుకారు ఫోన్ చేశాడు. ఆర్చి పేలిపోయిందట. ఎవరికీ దెబ్బలు తగల్లేదన్న ఒక్క మాటే ఆ ఫోన్‌లో మంచి మాట.

నేను వెళ్ళేసరికి మిల్లు ముందు వడ్ల లారీలు ఆగి ఉన్నాయి. బాయిలర్ లేకపోతే ఆవిరి లేదు, ఆవిరి లేకపోతే వడ్లు ఉడకవు. సావుకారు కన్నడం మనిషి, తెలుగు అర్థం చేసుకుంటాడు గానీ కోపం మాత్రం కన్నడంలోనే వస్తుంది. ఆ రోజు చాలా కన్నడం వచ్చింది.

వేడి తగ్గాక, బయట ఒక మనిషిని నిలబెట్టి, లైటు పట్టుకొని లోపలికి దూరాను. రాయచూరు ఎండలో పుట్టినవాణ్ణి, ఆ ఉక్క నాకు లెక్కలోది కాదు. కానీ కొత్త ఆర్చిని ఆ తీరున చూస్తాననుకోలేదు. సగం ఊడి కింద పడి ఉంది. ఒక పెచ్చు తీసి విరిచాను. పైన కాలింది, లోపల నల్లగా తడి. అంటే ఆరకముందే పెద్ద మంట పెట్టారు. ఇందులో ఇంక వెతకడానికేమీ లేదనిపించింది.

బయటికొచ్చి ఫైర్‌మన్‌ను పిలిచాను. నాకు ముక్కు మీద కోపం. ఒళ్ళంతా బూడిద ఉన్నప్పుడు అది ఇంకాస్త ఎక్కువ.

"పెద్ద మంట ఎవరు పెట్టమన్నారు?"

"మేస్త్రి అన్ననే సార్. పొద్దుగాల ఫోన్ చేసిండు. ఆరిందా అన్నడు. ఆరింది అన్న. పెద్ద మంట పెట్టుమన్నడు, పెట్టిన."

"ఆరిందని నువ్వే చెప్పావా?"

"నేనే చెప్పిన సార్. జూట్ ఎందుకు చెప్తా? పొద్దుగాల వాన పడ్డది, నేనేం చేస్త..."

"వాన సంగతి నేను అడిగానా?" అని అరిచాను.

ఈలోపు మేస్త్రీ మోటారు సైకిలు మీద వచ్చాడు. ఒంటి నిండా వరి దుమ్ము. లోపలికి తొంగి చూసి, తలకున్న తువ్వాలు తీసి మొహం కప్పుకున్నాడు. తన చేత్తో చేసింది కూలితే ఆయనకు ఇంట్లో మనిషికి ఏదో అయినట్టే.

"నేను ఊరికే చెప్పలేదండీ. ఆరిందా అంటే ఆరిందన్నాడు. నమ్మకం లేక మళ్ళీ అడిగాను. బాగా ఆరిందా అంటే, పూరా ఆరిపోయిందన్నాడు. అప్పుడే కదండీ పెద్ద మంట పెట్టెయ్యమన్నాను!"

"అవును, రెండు సార్లు అడిగిండు," అన్నాడు ఫైర్‌మన్, ఎవరూ అడక్కుండానే. "రెండు సార్లు గదే చెప్పిన."

సావుకారుకు ఇంతకంటె ఏం కావాలి? మనిషి నోటితో ఒప్పుకున్నాడు. నీ ఫ్రేము దించుకొని ఇంటికి పో అన్నాడు. మా ఆఫీసుకు ఫోన్ చేస్తే అక్కడా అదే పాట: ఫైర్‌మన్ పొరపాటని రాసెయ్, మనకు ఏ గొడవా ఉండదు. అలా రాస్తే ఆ కాగితం ఆ మిల్లు గేటు దగ్గరే ఆగదు. ఇంకో మిల్లు అతనికి బాయిలర్ అప్పగించదు. మళ్ళీ ఊక మోయాల్సిందే.

అతను ఏడవలేదు, బతిమాలలేదు. స్టూలెక్కి ఫ్రేము దించాడు. భుజం మీది తువ్వాలు తీసి జాగ్రత్తగా చుట్టాడు. దేవుడి పటం మాత్రం అక్కడే వదిలేశాడు. గోడ మీద ఫ్రేము ఉన్నంత మేర తెల్లగా కనబడుతోంది.

నాకు ఒక సంగతి అతకలేదు. తప్పు చేసినవాళ్ళను ఎందర్నో చూశాను. నసుగుతారు, మాట మారుస్తారు, వేరేవాళ్ళ మీదికి తోస్తారు. ఈ మనిషేమో తన మెడకు తానే ఉరి బిగించుకుంటూ, పైగా మీకెందుకు అర్థం కాదన్నట్టు మా మొహాలు చూస్తున్నాడు. పేలిపోయిన ఆర్చి దగ్గర నిలబడి ఆరిందనే చెప్పానని పదే పదే ఎవరంటారు? అయితే మంచివాడు, లేకపోతే పిచ్చివాడు. నాకు ఎటూ తేలక టీ తాగుదామని బయటికి నడిచాను.

మిల్లు కల్లం పక్కనే రేకుల కింద ఒకావిడ టీ కాచేది. పొద్దున వానకు కల్లంలో వడ్లు తడిసిపోయి, ఆడవాళ్ళు కాళ్ళతో తిరగేస్తున్నారు. నేను ఆ వడ్లకేసి చూస్తూనే, "ఒక చాయ్ ఇయ్యమ్మా" అన్నాను.

"జర ఆగు సార్. ఆరింది," అందావిడ.

నాకు చిర్రెత్తింది. "ఎక్కడ ఆరింది? నీళ్ళు కారుతున్నాయి కదా!"

ఆవిడ నా చూపు ఎటుందో చూసి ఫక్కున నవ్వింది. "వడ్లు గావు సార్, నా పొయ్యి. పొయ్యి ఆరింది. అంటిస్తున్న, కూసో."

నేను కూర్చోలేదు. నా వయసుకు తగనంత వేగంగా బాయిలర్ గదికి తిరిగి వెళ్ళాను. చాయ్ తాగకుండానే పోతున్నావేందని ఆవిడ వెనక నుంచి అరుస్తూనే ఉంది.

మేస్త్రీని, ఫైర్‌మన్‌ను సావుకారు ముందు నిలబెట్టాను. "నేను ఒక్కటే అడుగుతాను. ఇద్దరూ ఒకేసారి చెప్పాలి. పొద్దున ఫోన్‌లో ఆరిందా, ఆరింది అనుకున్నారు కదా. ఏం ఆరింది?"

"ఆర్చి," అన్నాడు మేస్త్రీ.

"పొయ్యి," అన్నాడు ఫైర్‌మన్.

ముందు ఫైర్‌మన్‌కే వెలిగింది. "అయ్యో అన్నా! నువ్వు ఆర్చి సంగతి అడిగినవా? వానకు రేకుల సందుల నీళ్ళు కారి కట్టెలు తడిసినయ్. పొయ్యి ఆరిపోయింది. నీకు ఫోన్ చేద్దామని తీసిన, గంతల నీదే ఫోన్ వచ్చింది. ఆరిందా అన్నవు. అంత దూరంల ఉన్నోనికి గెట్ల తెలిసిందని తాజ్జుబ్ అయిన! పెద్ద మంట పెట్టు అంటే, పోయిన వేడిని మళ్ళ తెమ్మంటున్నవు అనుకున్న."

మేస్త్రీ ఇంకా వదల్లేదు. "పూరా ఆరిపోయిందన్నావు కదయ్యా..."

"పూరా ఆరిపోయిందన్నా. ఒక్క నిప్పు కణిక లేదు!"

చెప్తే నమ్మరు, ముందు నవ్వింది మేస్త్రీ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ నవ్వొచ్చింది. అంతకు ముందు నేను వాన సంగతి అడిగానా అని అరిచింది గుర్తొచ్చి సగంలో ఆగిపోయింది. అతని నోట్లోని సమాధానాన్ని నేనే వెనక్కి తోసేశాను.

సావుకారుకు నేను కన్నడంలో మళ్ళీ అంతా చెప్పాను. కన్నడంలోనూ దీపం ఆరుతుంది, బట్టలూ ఆరుతాయి, కాబట్టి అర్థం కావడానికి కష్టపడలేదు. ఒప్పుకోవడానికే కష్టపడ్డాడు. "హాగాదరె తప్పు యార్దు?" అన్నాడు. మరి తప్పెవరిదని.

"మాటది," అన్నాను.

"మాటను పనిలోంచి తీసెయ్యలేను కదా," అన్నాడు. అప్పుడు మొదటిసారి ఆయన గొంతులో కన్నడం కాస్త చల్లబడింది.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఆర్చి మళ్ళీ పోస్తాం. ఈసారి నిలబడితే సరి. ఇదీ పోతే ఫైర్‌మన్ గేటు బయటే. మంట చూసుకోవడానికి వేరే మనిషిని పెడతానని సావుకారు అంటే, మేస్త్రీ అడ్డం పడ్డాడు. "ఆయనే పెట్టాలండీ. నా ఆర్చికి ఇంకెవరి మంటా వద్దు." ఆయన తన వరి కోత సంగతే మరిచిపోయాడు. ఫ్రేము మాత్రం తువ్వాల్లోనే ఉంది. ఆర్చి నిలబడ్డాకే తగిలిస్తానని ఫైర్‌మన్ అన్నాడు.

ఆర్చి పోయడానికి ముందే ఆ ఇద్దరూ ఇంకో పని పెట్టుకున్నారు. ఆ మాటను మిల్లు నుంచి వెలి వేయాలి. దాని బదులు ఏమనాలి? ఎండిందా అందామన్నాడు మేస్త్రీ. ఫైర్‌మన్ చెవులు మూసుకున్నాడు. "వద్దన్నా. మా దిక్కు ఎండింది అంటే పంటనే. పొద్దుగాల పొద్దుగాల గా మాట వద్దు." పొడిబారిందా అంటే మరీ పుస్తకంలా ఉందని ఇద్దరికీ నచ్చలేదు. నాకు ఆర్చి కంటె ఈ తగువే పెద్దదయ్యేట్టు కనబడింది.

దారి చూపింది పాత పద్ధతే. పూత వెనక ఇనుప రేకుకు చిన్న చిన్న రంధ్రాలు వదులుతాం, లోపలి తడి ఆవిరై వాటిలోంచి వస్తుంది. ఆ రంధ్రం దగ్గర చల్లటి అద్దం ముక్క పెడితే, తడి ఉన్నంత కాలం దాని మీద చెమట పడుతుంది. అద్దం లేక ఫైర్‌మన్ టీ ఆవిడ దగ్గర స్టీలు పళ్ళెం తెచ్చాడు. పళ్ళెం చెమరుస్తున్నదంటే ఇంకా తడి ఉన్నట్టు. పళ్ళెం పొడి అంటే మంట పెంచొచ్చు. పొయ్యి సంగతికి వస్తే, నిప్పు ఉన్నది, నిప్పు లేదు, అంతే. ఆ పళ్ళెం మళ్ళీ టీ ఆవిడకు చేరలేదు. ఆవిడ దాని గురించి నన్ను చాలాకాలం సాధించింది.

ఆర్చి పోశాం. చిన్న మంట మొదలైంది. ఈసారి కట్టెల మీద టార్పాలిన్ కప్పారు. మేస్త్రీ మిల్లులోనే మకాం. ఒకరు అన్నం తింటుంటే ఇంకొకరు పళ్ళెం పట్టుకునేవారు. నాకు పెద్దగా పనే లేకుండా పోయింది. ఊరికే నిలబడి పెద్దరికం వెలగబెట్టాను.

పెద్ద మంట పెట్టాల్సిన రోజు పొద్దున్నే సావుకారు వచ్చేశాడు. లారీల వాళ్ళు ఆయన ప్రాణం తీస్తున్నారు. పక్క మిల్లుకు పోతామని ఒకరిద్దరు బెదిరించారు కూడా. ఆయన నేరుగా ఫైర్‌మన్ దగ్గరికే వెళ్ళాడు, నా దగ్గరికి రాలేదు. బెదిరిస్తే వినే మనిషి ఎవరో యజమానులకు బాగా తెలుసు.

"ఊక వెయ్యి, ఇంకెంతసేపు?" అన్నాడు.

ఫైర్‌మన్ రంధ్రం దగ్గర పళ్ళెం పెట్టి తీశాడు. దాని మీద పలచగా చెమట.

"ఇంకా చెమరుస్తున్నది సార్."

"పనిలో ఉండాలనుందా లేదా?"

ఫైర్‌మన్ పళ్ళాన్ని తుడిచి మళ్ళీ రంధ్రం దగ్గర పెట్టాడు. పలచగానే అయినా చెమట మళ్ళీ పట్టింది. అతని ఇల్లు, పిల్లల చదువు, తువ్వాల్లో చుట్టిన ఫ్రేము, అన్నీ అతని కళ్ళ ముందే నిలబడి ఉన్నాయి. నేను కలగజేసుకుందామని ఒక అడుగు ముందుకేశాను. మేస్త్రీ నా చెయ్యి పట్టుకొని ఆపాడు.

"ఉండాలనే ఉన్నది సార్," అన్నాడు ఫైర్‌మన్. "అందుకే వేస్తలేను."

సావుకారు గోడను అరచేత్తో తట్టి విసుగ్గా, "ఏ, ఆర్యాదల్లా!" అన్నాడు. ఆరింది కదా అని.

మేమంతా ఉలిక్కిపడ్డాం. ఫైర్‌మన్ రెండు చేతులూ జోడించాడు. చేతుల మధ్య పళ్ళెం.

"గా ఒక్క మాట ఈడ బందు సార్. ఇంకేదన్న అనుండ్రి."

సావుకారు అతన్ని చూశాడు, పళ్ళాన్ని చూశాడు, మమ్మల్ని చూశాడు. అప్పుడు ఆయన బొజ్జ కదిలింది. లోపల దాచుకున్న నవ్వు మీసాల దాకా వచ్చింది. "సరే, నీ పళ్ళెం పొడిగా అయ్యాకే పిలువు," అని లారీల వాళ్ళకు తానే సర్ది చెప్పడానికి బయటికి నడిచాడు.

పళ్ళెం పొడి అయ్యింది. మంట పెంచారు. మొదట ఎర్రగా, తర్వాత పసుపుగా, ఊక జల్లుజల్లున పడుతుంటే ఫర్నేసు హోరెత్తింది. మేస్త్రీ చెవి ఒగ్గి విన్నాడు. పెటిల్లుమన్న శబ్దం ఒక్కటీ లేదు. ఆవిరి మీటరు ముల్లు కదిలింది. సాయంత్రానికి ఉడికిన వడ్ల వాసన కల్లం దాకా వచ్చింది. టీ ఆవిడ ఆడవాళ్ళందరికీ తెలిసేలా, "నా పళ్ళెం నిలబెట్టింది మిల్లును" అని ప్రకటించింది. ఫైర్‌మన్ స్టూలెక్కి ఫ్రేము తగిలించాడు. అది కొంచెం వంకరగా ఉంటే, సరిచేసింది సావుకారే.

ఆ రోజు నుంచి ఆ ఇద్దరికీ పేర్లు మారిపోయాయి. "ఏం పొయ్యీ, బాగున్నావా?" అని మేస్త్రీ. "నేను బాగనే ఉన్న. ఆర్చి ఎట్లున్నది?" అని ఫైర్‌మన్. ఎక్కడ కలిసినా ఇదే పలకరింపు. దేవసూగూరు జాతరకు మేస్త్రీ కుటుంబం ఫైర్‌మన్ వాళ్ళింటికి, క్యాంపులో కొత్త బియ్యం వీళ్ళకు. ఆ మాటను వెలి వేసే అలవాటు మా బృందాలన్నిటికీ పాకింది. నేను రిటైరయ్యాక ఒక నూనె మిల్లు పక్కనుంచి పోతుంటే, లోపల ఎవరో కుర్రాళ్ళు, "పళ్ళెం పొడి, పెంచు!" అని అరుచుకోవడం వినబడింది. వాళ్ళ చేతిలో ఉన్నది డిజిటల్ మీటరు. పళ్ళెం ఎక్కడిదో వాళ్ళకు తెలియదు. వాళ్ళ కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఈ మధ్యనే మేస్త్రీని రాయచూరులో ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరి అందడం లేదు. ఇన్నేళ్ళ దుమ్ము, దానికి తోడు జ్వరం. చెప్పాను కదా, తువ్వాలు మాస్కు కాదని. నా మోకాళ్ళు సహకరించక నేను ఇంట్లోనే పడి ఉన్నాను. ఆయన మంచం పక్కన కూర్చున్నది ఫైర్‌మన్. అతనూ రిటైరయ్యాడు. పరిస్థితి బాలేదని తెలిసి ఫోన్ చేశాను. అవతల ఫోన్ ఎత్తాడు. మేం వెలి వేసిన ఆ మాట ఒక్కటి వినకూడదని ఎంత కోరుకున్నానో చెప్పలేను.

"ఆర్చి ఎట్లున్నడు?" అన్నాను, నాకు తెలియకుండానే వాళ్ళ భాషలో.

"మూతికి మాస్కు పెట్టిండ్రు సార్," అన్నాడు మెల్లగా. "చెమరుస్తున్నది. పోతున్నది, మళ్ళ చెమరుస్తున్నది. పొద్దున్నుంచి గదే చూసుకుంట కూసున్న."

జీవితమంతా పళ్ళెం ఎప్పుడు పొడి అవుతుందా అని ఎదురు చూసినవాళ్ళం. అది అలా చెమరుస్తూనే ఉండాలని మొక్కుకోవడం అదే మొదటిసారి.

వారం తిరక్కుండా మేస్త్రీ తేరుకున్నాడు. ఆటో మాట్లాడుకొని, మోకాళ్ళను తిట్టుకుంటూ వెళ్ళాను. పక్కన ఫైర్‌మన్ బత్తాయి వలుస్తున్నాడు. నన్ను చూడగానే మేస్త్రీ కళ్ళు నవ్వాయి. నర్సు చూడకుండా మాస్కు పక్కకు జరిపి, "ఏవండీ, ఆరిపోయిందనుకున్నారా?" అన్నాడు.

ఫైర్‌మన్ చేతిలో బత్తాయి ఆగిపోయింది.

"ఏం ఆరిపోయింది? సరిగ్గ చెప్పన్నా," అని కసిరి, మాస్కు లాగి ఆయన మూతికి సరిగ్గా పెట్టాడు. మేస్త్రీ లోపల్లోపలే నవ్వాడు. మాస్కు మళ్ళీ చెమర్చింది.